క్లచ్ ఎవరి కాలికి

నాకు కుదురుగా కూర్చునే గుణం లేదు. చిన్నప్పుడు చర్చిలో ప్రసంగం సాగుతున్నంతసేపూ కాలు ఊపుతూనే ఉండేదాన్ని. మా అమ్మ పక్కనుంచి తొడ మీద గిల్లేది. అలాంటిదాన్ని తీసుకొచ్చి నేపర్‌విల్‌లో మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో పెడితే ఏమవుతుంది? పొద్దున్నే మా ఆయన రైలెక్కి సిటీలో ఆఫీసుకి వెళ్లిపోయేవారు. కిటికీలోంచి చూస్తే కింద పార్కింగ్ లాట్‌లో మా కారు కనిపించేది. సాయంత్రం ఆయన వచ్చేదాకా అది అక్కడ, నేను ఇక్కడ.

ఎనభయ్యో దశకం మొదలైన రోజులవి. ఆ కారు అప్పటికే పదేళ్ల పాతది. ముదురాకుపచ్చ రంగు, రెండే తలుపులు, ఒక గది అంత ముందు భాగం, దాని నిండా ఇంజను. మజిల్ కార్ అనేవారు అలాంటివాటిని. పెట్రోలు ధర పెరిగాక అందరూ వాటిని వదిలించుకుంటుంటే ఈయన ఆఫీసులో ఒకాయన దగ్గర తగిలించుకున్నారు. స్టార్ట్ చేస్తే కింది అంతస్తు ముసలావిడ కర్టెన్ తీసి చూసేది. ఆటోమేటిక్ కాదు, గేర్లు చేత్తో వేసుకోవాలి. శనివారం పొద్దున్న ఆయన దాన్ని కడిగి, తుడిచి, బానెట్ ఎత్తి గంటసేపు అలా చూస్తూ నిలబడేవారు. ఏం చూస్తారో నాకు తెలిసేది కాదు.

నేను నర్సుని. నర్సాపురం దగ్గర మిషన్ ఆసుపత్రిలో ట్రైనింగ్ అయ్యాను. ఇక్కడ బోర్డు పరీక్ష పాసయ్యేదాకా నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న వృద్ధుల హోమ్‌లో పక్కలు మార్చడం, స్నానాలు చేయించడం, అంతే నా పని. పరీక్ష పాసయ్యాక పక్క ఊరి ఆసుపత్రిలో సర్జికల్ వార్డులో ఉద్యోగం ఇస్తామన్నారు. ఇంటర్వ్యూ చేసిన పెద్ద నర్సు, "యు హావ్ ఎ కార్, ఆఫ్‌కోర్స్?" అని అడిగింది. ఆ ఊరికి బస్సు లేదు. రైలు సిటీ వైపు పోతుంది గానీ ఆ వైపు పోదు. నేను ఉందన్నాను. కారు ఉందా అనడిగింది గానీ నీకు నడపడం వచ్చా అనడగలేదు కదా. వచ్చే నెల మొదటి సోమవారం ఉదయం ఏడింటికి డ్యూటీలో ఉండాలని చెప్పింది. ఉండకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

ఆ సాయంత్రం ఆయన రైలు దిగి రాగానే గుమ్మంలోనే చెప్పాను. సంతోషించారు. నిజంగానే సంతోషించారు, అబద్ధం చెప్పకూడదు. "నేర్పిస్తాలే, దానిదేముంది, టూ వీక్స్‌లో వచ్చేస్తుంది," అన్నారు.

దానిదే చాలా ఉందని మర్నాడే తెలిసింది. ఆయన ఆరడుగుల మనిషి. నేను ఐదడుగులు కూడా లేను. సీటు ఎంత ముందుకి జరిపినా, వీపు వెనక ఒక దిండూ కింద ఒక దిండూ పెట్టుకున్నా, ఎడమకాలు చివరిదాకా చాపితే క్లచ్ పెడల్ సగం పైచిలుకు దిగేది గానీ నేలకి తగిలేది కాదు. గేరు వెయ్యబోతే గరగరమని గచ్చు మీద ఇనప మంచం ఈడ్చినట్టు చప్పుడు. ఆ చప్పుడుకి ఆయన ముఖం చూడాలి. పంటి నొప్పి వచ్చినట్టు కళ్లు మూసుకునేవారు.

"ఫుల్‌గా తొక్కు."

"తొక్కుతున్నానండీ."

"తొక్కట్లేదు. తొక్కితే ఎందుకు గ్రైండ్ అవుతుంది?"

"కాలు ఇంతే ఉంది. ఇంకెక్కణ్ణించి తెమ్మంటారు?"

ఇలా రెండు వారాలు. ఆయనకి ఓపిక ఎక్కువ, నాకు అసలు లేదు. ఆ ఓపికే నాకు ఇంకా ఒళ్లు మండించేది. తప్పు నాదేనని అంత మెల్లగా చెప్తుంటే ఎదురు మాట్లాడ్డానికి కూడా ఏమీ దొరికేది కాదు. వంటింట్లో గిన్నె కడుగుతూ ఎడమకాలితో నేలని తొక్కుతూ ఉండేదాన్ని. వృద్ధుల హోమ్‌లో మంచం పక్కన నిలబడి తొక్కేదాన్ని. ఒక తాతగారు, "ఆర్ యు డాన్సింగ్, హనీ?" అని అడిగాడు.

డ్రైవింగ్ టెస్ట్‌కి నాలుగు రోజుల ముందు శుక్రవారం ప్రార్థన కూడిక మా ఇంట్లోనే పెట్టుకున్నాం. చుట్టుపక్కల ఊళ్లనుంచి నాలుగైదు తెలుగు కుటుంబాలు వచ్చేవి, అంతకంటే తెలుగువాళ్లం లేము. అందరిలో పెద్దావిడ ఒకరుండేవారు. ఆవిణ్ణి అందరం అక్కయ్యగారనే పిలిచేవాళ్లం. ప్రార్థన అయ్యాక ఆవిడ నా టెస్ట్ గురించి విని, "పదమ్మా, కారు దగ్గరికి పోయి ప్రార్థన చేద్దాం," అన్నారు. చలిలో కోట్లు వేసుకుని అందరం దిగాం. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ ఒక చిన్న సీసాలో నూనె ఉండేది, రోగుల నుదుటికి రాసి ప్రార్థన చెయ్యడానికి. కారు తలుపు తీసి అడిగారు.

"ఏది బాధ పెడుతుందమ్మా నిన్ను?"

"క్లచ్ అండీ."

"ఎక్కడుంటది అది?"

చూపించాను. ఆవిడ సీటు మీదికి వంగి, ఆ పెడల్ రబ్బరు మీద నూనె ధారగా పోసి, అరచేత్తో నాలుగు మూలలా పట్టించి, గట్టిగా ప్రార్థన చేశారు. అందరం ఆమెన్ అన్నాం. నేను కూడా మనస్ఫూర్తిగా అన్నాను.

ఆ తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. టెస్ట్ రోజు మొదటి స్టాప్ దగ్గర కాలు పెడల్ మీదనుంచి సర్రున జారింది. కారు ముందుకి ఒక గంతు వేసి ఆగిపోయింది. పక్కన కూర్చున్న ఎగ్జామినర్ పెన్ను ఎగిరి డాష్‌బోర్డు మీద పడింది. వెళ్లేటప్పుడు ఆయన, నువ్వు నడపగలిగే కారు తెచ్చుకో అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

దారిలో మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. "చూశావా? క్లచ్ తప్పేం లేదు, నూనె తప్పు," అన్నారు. ఇంటికెళ్లి హోమ్‌నుంచి తెచ్చుకున్న స్పిరిట్‌తో ఆ రబ్బరుని మూడుసార్లు తుడిచాను. చేత్తో రుద్ది చూస్తే కిర్రుమంది, ఒక్క చుక్క నూనె లేదు. ఎక్కి తొక్కాను. కాలు జారలేదు. గేరు వేశాను. గరగరమంది. అయితే నూనె తప్పు కాదు. నా తప్పు కూడా కాదని ఆ క్షణంలోనే నాకు రూఢి అయిపోయింది. రోగికి జ్వరం తగ్గకపోతే రోగిని తిడతామా? ఇంకో కారణం వెతుకుతాం. ఇన్నాళ్లూ ఈ చిన్న సంగతి ఎందుకు తట్టలేదా అని నా మీద నాకే కోపం వచ్చింది.

మర్నాడు డ్యూటీ దిగి పబ్లిక్ లైబ్రరీకి నడిచాను. కార్ల రిపేరు పుస్తకాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. మా కారు పుస్తకం అట్టంతా గ్రీజు మరకలే. నిలబడే చదివాను. క్లచ్ పెడల్ నొక్కడం మొదలుపెట్టాక కొంత దూరం బరువు లేకుండా ఉత్తినే దిగుతుంది. మన మెకానిక్కులు దాన్ని ప్లే అంటారు. ఆ తర్వాతే కాలికి బరువు తగులుతుంది, క్లచ్ విడవడం మొదలవుతుంది. ప్లే ఎక్కువుంటే పెడల్ నేలకి ఆనేదాకా తొక్కితే గానీ క్లచ్ పూర్తిగా విడవదు. ప్లే అసలు లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉండి అరిగిపోతుంది. ఒక అంగుళం ఉండాలి అని రాసుంది. దాన్ని సరిచేసేది కారు కింద ఒక ఇనప కడ్డీ, దాని మరల మీద రెండు నట్లు. అంతే సంగతి. నా ఉద్యోగం ఆ రెండు నట్ల దగ్గర ఆగిపోయి ఉంది.

ఆయన పొడుగుకాళ్ల మనిషి కదా, క్లచ్ పైన పట్టుకుంటే మోకాలు లేచి స్టీరింగ్‌కి తగిలేది. అందుకని ఆ ప్లే బాగా పెంచి, క్లచ్ అంతా నేల దగ్గరే ఆడేట్టు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకి గుర్తుందో లేదో, నాకు మాత్రం చెప్పలేదు.

కారు కిందికి వెళ్లాలంటే ఆయన జాకీ వేసి, దుంగలు పెట్టి, పెద్ద తతంగం చేసేవారు. నాకు అవేవీ అక్కర్లేకపోయాయి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద ఇటుకలు పెట్టి, ఆయన పాత స్వెట్టర్ వేసుకుని, అట్టపెట్టె పరుచుకుని వెల్లకిలా పడుకుంటే జారిపోయాను. పొట్టిదాన్నై పుట్టినందుకు జీవితంలో మొదటిసారి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. కింద పాత నూనె వాసన, మట్టి వాసన. కడ్డీ దొరికింది, నట్లు దొరికాయి. రెండు స్పానర్లు, ఒకదానితో పట్టుకుని ఇంకోదానితో తిప్పాలి. ఒకటి వదిలింది. రెండోది మొండికేసింది. దానితో తెలుగులో మాట్లాడాను, ఇక్కడ రాయదగ్గ మాటలు కావు. చివరికి అదీ కదిలింది. కొంచెం తిప్పడం, బయటికొచ్చి పెడల్ని చేత్తో నొక్కి ప్లే చూడడం, మళ్లీ కిందికి. ఆపరేషన్ గదిలో ఎప్పుడూ పక్కన నిలబడి కత్తెరలు అందించినదాన్నే గానీ నా చేత్తో ఒకటి సరిచేసింది అదే మొదలు. బొటనవేలి కణుపంత ప్లే మిగిలేట్టు చూసి నట్లు బిగించాను.

ఎక్కి తొక్కాను. క్లచ్ నా కాలికి అందింది. గేరు వెన్నలా పడింది. ఒక్కదాన్నే ఆ పార్కింగ్ లాట్‌లో గట్టిగా అరిచాను.

లైసెన్సు లేనివాళ్లు నడపాలంటే పక్కన లైసెన్సు ఉన్నవాళ్లు కూర్చోవాలి. అక్కయ్యగారికి లైసెన్సు ఉంది. ఫోన్ చేస్తే వచ్చి కూర్చున్నారు. నేను కారు కదపగానే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మొక్కజొన్న చేల పక్కనుంచి, రైలు స్టేషన్ మీదుగా, ఊరంతా ఒక చుట్టు తిరిగి ఇంటి ముందు ఆపి, "అక్కయ్యగారూ, వచ్చేశాం," అంటే అప్పుడు కళ్లు తెరిచి ఆమెన్ అన్నారు. చట్టం ప్రకారం ఆవిడే నాకు దారి చూపినట్టు లెక్క.

శనివారం ఆయన కారు తీశారు. గేటు దాకా వెళ్లి ఆపేశారు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే. ఇప్పుడు నా కాలికి అందుతోంది."

"నీకేం తెలుసని? క్లచ్ బర్న్ అయిపోతే?"

"ఒక అంగుళం ప్లే ఉందండీ. కొలిచాను. పుస్తకంలో అదే ఉంది."

ఆయన జాకీ తీసి, దుంగలు పెట్టి, కిందికెళ్లి నట్లు వెనక్కి తిప్పేశారు. సోమవారం ఆయన రైలెక్కగానే నేను ముందుకి తిప్పాను. శనివారం ఆయన వెనక్కి. మళ్లీ నేను ముందుకి. ఇద్దరం దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగేవాళ్లం, ఊరినుంచి ఏం కబురని మాట్లాడుకునేవాళ్లం. ఆ కడ్డీ మరలు ఇంకెన్నాళ్లు ఓర్చుకుంటాయో అని నాకు లోపల ఒకటే గుబులు. రాత్రి పక్కమీద కాలు ఊపుతుంటే ఆయన చెయ్యి వేసి ఆపేవారు.

రెండో టెస్ట్ శుక్రవారం. ఆ సోమవారమే డ్యూటీలో చేరాలి. తప్పితే ఇంకో అవకాశం లేదు. ఆయన సెలవు పెట్టి వచ్చారు. హైవే కాబట్టి అక్కడిదాకా ఆయనే నడిపారు. లైసెన్సు ఆఫీసు వెనక కంకర లాట్‌లో కార్లు వరసగా ఆగి ఉన్నాయి. ఇద్దరం దిగి సీట్లు మారాం. దిండ్లు సర్దుకుని క్లచ్ తొక్కాను. పెడల్ సగందాకా ఉత్తినే దిగిపోయింది.

"ఏమండీ, ఇది మార్చారా?"

"నిన్న సాయంత్రం. టెస్ట్ కదా, సరిగ్గా ఉండాలని సెట్ చేశాను."

"ఎవరికి సరిగ్గా?"

నాకు కన్నీళ్లు రాలేదు, ఒళ్లంతా వేడెక్కింది. దిగి, డిక్కీ తెరిచి, రెండు స్పానర్లు తీసుకున్నాను. హ్యాండ్‌బ్యాగ్ ఆయన చేతిలో పెట్టాను. ఆదివారం చర్చికి వేసుకునే నీలం కోటుతోనే ఆ కంకర మీద పడుకుని కారు కిందికి జారాను. లైన్‌లో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. చూడనీ. పొగ గొట్టం ఇంకా కాలుతోంది, ముంజేయి తగిలి చుర్రుమంది. చన్నీళ్ల కింద పెట్టమని రోగులకి చెప్పేదాన్ని, ఆ రోజు నాకే తీరిక లేకపోయింది.

అక్కణ్ణించి నాకు ఆయన బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కాసేపటికి ఆ బూట్లు దగ్గరికొచ్చాయి. ఆయన గొంతుక్కూర్చున్నారు. ముఖం కనిపించలేదు గానీ మాట వినిపించింది.

"ఆఫీసులో డ్రాయింగ్ బోర్డు ఎత్తు వాళ్లది. కుర్చీ వాళ్లది. నా పేరు పలకడం రాదంటే అది కూడా కట్ చేసుకున్నాను. ఈ దేశంలో నాకు సరిపోయేట్టు నేను సెట్ చేసుకున్నది ఇదొక్కటే, తెలుసా?"

నా చెయ్యి ఆగిపోయింది. తెలియదు. నిజంగా తెలియదు. శనివారాలు ఆయన బానెట్ ఎత్తి గంటసేపు ఏం చూస్తారో అప్పుడు అర్థమైంది. ఆ నట్టుని అలాగే వదిలేసి బయటికొచ్చి, పోనీలెండి, వచ్చే నెల చూద్దాం అని అనాలనిపించింది. అనాలని నోరు తెరిచాను కూడా.

"నాకు అదొక్కటి కూడా లేదు కదండీ," అన్నాను.

బూట్లు కదల్లేదు. నేను నట్టు తిప్పాను.

అంతలో ఎగ్జామినర్ వచ్చి మా పేరు పిలిచాడు. "వన్ మినిట్!" అని కారు కిందినుంచి అరిచాను. ఆయన వంగి చూశాడు. మునుపటి మనిషే. స్పానర్లతో బయటికొచ్చి, పెడల్ని చేత్తో నొక్కి, ప్లే చూసుకుని, ఇంకొక్క పావు తిప్పు తిప్పి బిగించాను. కోటు వెనక అంతా దుమ్ము. ఎక్కి కూర్చున్నాను. ఎగ్జామినర్ ఈసారి పెన్ను జేబులో పెట్టుకుని, పక్కనున్న పిడిని గట్టిగా పట్టుకున్నాడు.

ఎత్తు రోడ్డు మీద ఆపించాడు, మళ్లీ కదల్చమన్నాడు. వెనక్కి నడిపించాడు, రెండు కార్ల మధ్య పెట్టించాడు. ఒక్కసారి గేరు చప్పుడు చెయ్యలేదు, ఒక్కసారి బండి ఆగిపోలేదు. తిరిగొచ్చేసరికి మా ఆయన నా హ్యాండ్‌బ్యాగ్ చంకలో పెట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. పాసయ్యానని చెప్పాను. "గుడ్," అన్నారు. తాళాల కోసం చెయ్యి చాపి, మళ్లీ ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, అటుపక్క తలుపు తీసుకుని కూర్చున్నారు. హైవే మీద ఇంటిదాకా నేనే నడిపాను.

ఆదివారం ప్రార్థనకి ఆయన నడిపారు. సీటు చివరిదాకా వెనక్కి జరిపినా క్లచ్ వదిలిన ప్రతిసారీ ఎడమ మోకాలు లేచి స్టీరింగ్‌కి తగులుతూనే ఉంది. ఒకసారి మలుపులో గట్టిగానే తగిలింది. ఆయన మోకాలు రుద్దుకున్నారు, నా వైపు చూడలేదు. నేను చూస్తూ కూర్చున్నాను. తిరిగి మార్చుకోండి అనలేదు. ఇప్పుడు అలాంటి రోజే మళ్లీ వచ్చినా అననేమో.

ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి ఆయన జాకీ తీసుకుని కిందికి దిగారు. కిటికీలోంచి చూశాను. పరుగెత్తి దిగి గొడవ పెట్టుకోవాలనుకున్నాను, చెప్పులు కూడా వేసుకున్నాను. మళ్లీ ఎందుకో గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన చాలాసేపు కారు కింద ఉన్నారు. పైకొచ్చి చేతులు కడుక్కుని భోంచేశారు. నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సోమవారం తెల్లవారకముందే తెల్ల యూనిఫాంలో దిగాను. స్పానర్లు ఒళ్లో పెట్టుకుని సీట్లో కూర్చుని, ఊపిరి బిగబట్టి క్లచ్ తొక్కాను. ఒక అంగుళం ఉత్తినే దిగింది, తర్వాత కాలికి బరువు తగిలింది. నేను పెట్టినట్టే ఉంది. దిగి టార్చి వేసి కిందికి చూశాను. కడ్డీని శుభ్రంగా తుడిచి, మరలకి కొత్త గ్రీజు పెట్టి ఉంది. నా రెండు నట్లూ మళ్లీ వదులు కాకుండా గట్టిగా బిగించి ఉన్నాయి.

ఆసుపత్రిదాకా దారంతా ఏడుస్తూనే నడిపాను. గేరు మాత్రం ఒక్కటి కూడా తప్పలేదు.